హాలోవీన్ గుమ్మడికాయ, దిష్టి గుమ్మడికాయ, సమాధి మీది కొవ్వొత్తి: గోదావరి డెల్టా సంఘాల అలంకరణ ఆచారాలపై ఒక చారిత్రక పరిశీలన

గత కొన్నేళ్లుగా అక్టోబరు నెలాఖరున మన కాపరులకు ఒక కొత్త ప్రశ్న ఎదురవుతున్నది. పట్టణాల్లోని కొన్ని ఇంగ్లీషు మీడియం బడుల్లో పిల్లలకు హాలోవీన్ వేషాలు వేయిస్తున్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన బిడ్డలు తమ ఇంటి ముందు గుమ్మడికాయలూ గడ్డి బొమ్మలూ పెట్టి ఫోటోలు పంపుతున్నారు. "అయ్యగారూ, విశ్వాసులు ఇలాంటివి పెట్టవచ్చునా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. దీనికి సాధారణంగా రెండు జవాబులు వినబడుతున్నాయి. అది సాతాను పండుగ, ముట్టకూడదు అన్నది మొదటిది. అది పిల్లల ఆట, పట్టించుకోనవసరం లేదు అన్నది రెండవది. రెండు జవాబులకూ చరిత్రతో పని లేదు. ఆ చరిత్రను వీలైనంత వివరంగా కాపరుల ముందుంచి, దాని పక్కనే మన గోదావరి డెల్టా సంఘాల వాకిలి అలంకరణలనూ, సమాధుల అలంకరణలనూ పెట్టి చూడాలన్నది ఈ వ్యాసంలో మా ఉద్దేశం. అమెరికా వాకిట్లోని గుమ్మడికాయ గురించి మాట్లాడేవాళ్లం మన వీధి చివర కట్టుబడిలో ఉన్న ఇంటికి వేలాడే బూడిద గుమ్మడికాయను చూడకుండా దాటిపోవడం న్యాయం కాదు.

ఈ పరిశీలనకు సామర్లకోటను కేంద్రంగా తీసుకున్నాం. 1882లో కెనడియన్ బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ తెలుగు బోధకుల శిక్షణ కోసం సెమినరీ తెరిచిన ఊరు ఇది. పంచారామాల్లో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం ఉన్న ఊరు కూడా ఇదే. రైలు జంక్షను, కాలువ, చెరకు తోటలు, వరి చేలు ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 నుండి కాకినాడ జిల్లాలో భాగమైంది. అప్పటివరకు అది తూర్పు గోదావరి. ఇక్కడి నుండి రాజమండ్రి మీదుగా నరసాపురం వరకు ప్రయాణం చేస్తే, పండుగలనూ అలంకరణలనూ నాలుగు విధాలుగా చూసే నాలుగు క్రైస్తవ సంప్రదాయాలు తారసపడతాయి. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌ల బ్రదరన్ సంఘాలు నిరాడంబరతకు పేరుపడ్డవి. పండుగ దినాలను ఆచరించడమే వాటికి అభ్యంతరం. లూథరన్లకు సంఘ సంవత్సరమంతా పండుగల క్రమమే. రోమన్ కతోలికులకు నవంబరు 2న ఆత్మల పండుగ ఉంది. టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన తెలుగువాడైన థామస్ గాబ్రియేలు ప్రారంభించగా, 1874లో మెక్‌లారిన్ కాకినాడ చేరి అందుకొన్న పనిలో నుండి పుట్టిన బాప్టిస్టు సంఘాలది మధ్య మార్గం. ఒకే పేటలో ఈ నలుగురి ఇళ్లూ పక్కపక్కనే ఉంటాయి. కనుక వాకిట్లో ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు అన్నది ఈ డెల్టాలో ఎప్పుడూ కనబడే సంగతే.

హాలోవీన్ అసలు కథ

హాలోవీన్ అనే పేరుకు అర్థం సకల పరిశుద్ధుల దినపు ముందటి సాయంత్రం. అది క్రైస్తవ పేరు. క్రీ.శ. 609లో నాల్గవ బోనిఫేసు పోపు రోములోని పాంథియన్ అనే పాత దేవాలయాన్ని మరియ పేరిటా హతసాక్షుల పేరిటా ప్రతిష్ఠించాడు. ఆ రోజు మే 13. ఎనిమిదవ శతాబ్దంలో మూడవ గ్రెగొరీ పరిశుద్ధులందరి పేరిట పేతురు దేవాలయంలో ఒక ప్రార్థనా గదిని ప్రతిష్ఠించాడు. 835 నాటికి నవంబరు 1వ తేదీ ఫ్రాంకుల సామ్రాజ్యమంతటా పండుగ దినమైంది. పదవ శతాబ్దాంతాన క్లూనీ మఠాధిపతి ఓడిలో మరణించిన విశ్వాసులందరి కోసం నవంబరు 2ను కేటాయించాడు. ఈ రెండు దినాల ముందు సాయంత్రమే అక్టోబరు 31.

ఐర్లండులోని కెల్టు జాతుల సావిన్ అనే అన్య పండుగను సంఘం దొంగిలించి దీన్ని పెట్టుకుందని మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను జాగ్రత్తగా తూచి చూడాలి. సావిన్ అనే దినం ఉన్నమాట నిజం. శీతకాల ఆరంభాన పశువులను మేత బీళ్ల నుండి తోలుకువచ్చే వేళ అది. పాత ఐరిష్ కథల్లో ఆ రాత్రి మానవాతీత సంగతులు జరుగుతాయి. కాని అది చనిపోయినవారి పండుగ అనడానికి ప్రాచీన ఆధారాలు బలహీనం. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తొలి ఐరిష్ సంఘపు పండుగల పట్టికల్లో పరిశుద్ధుల దినం ఏప్రిల్ 20న కనిపిస్తుంది. ఐరిష్ అన్య పండుగను కప్పిపుచ్చడానికే నవంబరు 1ని ఎంచుకొని ఉంటే, అది ముందుగా ఐర్లండులోనే ఉండాలి కదా. నవంబరు తేదీ ఇంగ్లండు, జర్మను ప్రాంతాల నుండి వ్యాపించిందనే చరిత్రకారుల వాదమే మాకు బలంగా కనబడుతున్నది.

అయితే అన్య స్థలాలను సంఘం వాడుకోలేదని దీని అర్థం కాదు. 601లో మొదటి గ్రెగొరీ పోపు ఇంగ్లండు వెళ్తున్న మెల్లిటుసుకు రాసిన లేఖ ప్రసిద్ధం. విగ్రహాలను తీసివేయండి, కట్టడాలను మాత్రం కూల్చకండి, ప్రజలకు అలవాటైన విందులను దేవుని స్తుతి కోసం జరుపుకోనివ్వండి అన్నది అందులోని సలహా సారాంశం. మన సెమినరీల్లో సందర్భోచిత దైవశాస్త్రం పాఠం చెప్పేవారు ఈ లేఖను తప్పక ప్రస్తావిస్తారు.

గుమ్మడికాయ దగ్గరకు వస్తే, ఐర్లండు, స్కాట్లండు పల్లెల్లో మొదట వాడింది గుమ్మడికాయ కాదు, టర్నిప్ దుంప. దాన్ని తొలిచి, ముఖం చెక్కి, లోపల నిప్పుకణమో కొవ్వొత్తి ముక్కో పెట్టేవారు. కొట్లో కొననవసరం లేని వస్తువు అది, పొలంలో దొరికేది. ఇంగ్లండులో ఆ దినాల్లో బీదలు ఇంటింటికీ తిరిగి చిన్న రొట్టెలు అడుక్కొని, ఇచ్చినవారి మృతుల కోసం ప్రార్థించే ఆచారం ఉండేది. చనిపోయినవారి కోసం ప్రార్థనను సంస్కర్తలు తిరస్కరించడంతో ఆచారానికి దైవశాస్త్ర పునాది పోయింది, ఇంటింటికీ తిరగడం మాత్రం మిగిలింది. 1840ల్లో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి కరవు వచ్చినప్పుడు లక్షలాది మంది అమెరికాకు వలసపోయారు. అక్కడ టర్నిప్ కన్న పెద్దది, మెత్తనిది, చవకైనది గుమ్మడికాయ దొరికింది.

ఆ తరువాతి కథ వ్యాపారపు కథ. డెనిసన్ అనే అమెరికన్ కాగితపు కంపెనీ 1909లో హాలోవీన్ అలంకరణలు ఎలా చేసుకోవాలో చెప్పే పుస్తకాన్ని వెలువరించింది. తమ ముడతల కాగితం, అంటే క్రేప్ కాగితం, అమ్ముడుపోవాలన్నది దాని ఉద్దేశం. 1920లో మినిసోటాలోని అనోకా పట్టణం ఆ రాత్రి కుర్రకారు అల్లరిని అదుపులో పెట్టడానికి ఊరేగింపు పెట్టింది. పిల్లలు మిఠాయి కోసం ఇంటింటికీ వెళ్లడం 1930ల్లో పుంజుకొని, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చక్కెర రేషను ఎత్తివేశాక దేశమంతా పాకింది. క్రిస్మసుకు మన మందిరాల్లో ఈ గోడ నుండి ఆ గోడకు మెలితిప్పి కట్టే రంగు కాగితాలు కూడా ఆ ముడతల కాగితం జాతివే. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పినట్లు మేము వినలేదు, చెప్పవలసిన అవసరం కూడా లేదు.

ఇంకొక్క సంగతి. 1517 అక్టోబరు 31న లూథరు తొంభై ఐదు సిద్ధాంతాలను వెలువరించడానికి ఆ తేదీ ఊరికే కుదరలేదు. విట్టెన్‌బర్గు కోట దేవాలయం పేరే సకల పరిశుద్ధుల దేవాలయం. మరుసటి దినం పండుగకు అక్కడ పరిశుద్ధుల అవశేషాలను ప్రదర్శిస్తారు, వాటిని దర్శించేవారికి పాపశిక్ష తగ్గింపు దొరుకుతుందని చెబుతారు. జనం పోగయ్యే ఆ వేళనే ఆయన ఎంచుకున్నాడు. రాజమండ్రి లూథరన్లు సంస్కరణ దినంగా ఆచరించే అక్టోబరు 31, అమెరికా పిల్లలు గుమ్మడికాయ వెలిగించే అక్టోబరు 31 ఒకే పండుగ ముందటి సాయంత్రం. మన యౌవనస్థులకు ఆ దినాన ఏం చెప్పాలా అని వెదికే కాపరికి ఇంతకన్న మంచి పాఠం దొరకదు.

డెల్టాలోని భయంకర ముఖాలు

హాలోవీన్‌కు సంబంధించిన వస్తువులన్నీ మన దగ్గర లేకపోలేదు, వేరే పేర్లతో ఉన్నాయి. పొలం గట్టున రెండు కర్రలు అడ్డంగా కట్టి, గడ్డి చుట్టి, పాత చొక్కా తొడిగి, తలకు మసిపట్టిన కుండ బోర్లించి, దాని మీద సున్నంతో కళ్లూ పళ్లూ పెట్టే దిష్టిబొమ్మకు పైసా ఖర్చు లేదు. అది పిట్టలను తోలుతుంది, పైరు మీద పడే చూపును కూడా లాగుకుంటుందని నమ్మకం. కట్టుబడిలో ఉన్న ఇంటికి ఇలాంటి బొమ్మనో, కోరలూ మీసాలూ గీసిన బూడిద గుమ్మడికాయనో వేలాడదీస్తారు. అంగడి గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. దేవాలయ ద్వారాల పైన చెక్కే కీర్తిముఖం కూడా చూడగానే జడిపించే ముఖమే.

ఇక్కడ ఒక చిన్న వృక్షశాస్త్రపు మాట చెప్పుకోవాలి. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి ఆసియా పంట. హాలోవీన్‌కు చెక్కే నారింజ రంగు గుమ్మడి, అంటే సంక్రాంతికి మనం దప్పళంలో వేసుకునే మంచి గుమ్మడి, అమెరికా ఖండపు తీగ. యూరపు ఓడలు ఆ దారులు తెరిచిన తరువాతే మన దేశానికి వచ్చింది. కాబట్టి విదేశీ గుమ్మడికాయ అని దాన్ని నిందించేవారు దప్పళం మానుకోవలసి వస్తుంది.

రెండు గుమ్మడికాయలూ చూపులకు అక్కాచెల్లెళ్లలా ఉన్నా వాటి వెనుక ఉన్న మనసు వేరు. నేటి అమెరికా వాకిట్లో ఉన్న భయం ఆట భయం. కొవ్వొత్తి ఆర్పితే అయిపోతుంది. మన దిష్టి గుమ్మడికాయ వెనుక ఉన్నది నిజమైన భయం. ఇల్లు కట్టుకుంటున్న కూలివాడు ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒకరి చూపుతో పోతుందేమోనన్న దిగులు అది. కనుక కాపరిగా ఆలోచించేవారికి రెండింటిలో బరువైనది మన ఇంటి గుమ్మడికాయే. అక్టోబరులో హాలోవీన్‌ను ఖండిస్తూ గంటసేపు ప్రసంగించి, డిసెంబరులో సంఘ పెద్ద కొత్త ఇంటి మేడ మీద వేలాడే బొమ్మ కింద నుండి గృహప్రతిష్ఠ ప్రార్థనకు నడిచి వెళ్లడం మా ఉద్దేశంలో పొసగదు. ఆ బొమ్మను కట్టింది మేస్త్రీయే, మేము కాదు అనే జవాబు తరచుగా వస్తుంది. నిజమే కావచ్చు. అయినా దాన్ని విప్పమని మేస్త్రీకి చెప్పడానికి ఆ ఇంటివారికి ఎందుకు ధైర్యం చాలలేదో మాట్లాడవలసిన చోటు అదే.

తొలి తరం తెలుగు విశ్వాసులకు ఈ ప్రశ్న ఇంత తేలికగా ఉండలేదు. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ సంఘంలో చేరేవారి ముందు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అధికులు మాదిగలు. గ్రామ దేవత జాతరకు డప్పు కొట్టడం వారి కులానికి ఊరు కట్టిన పని. ఆ పని మానితే జాతర ఆగుతుంది, జాతర ఆగితే ఊరికి కీడు వస్తుందని రైతులు కోపగించారు. దెబ్బలు, బావి నీళ్లు మానిపించడం, కూలి లేకుండా చేయడం ఇవన్నీ జరిగాయి. ఊరి అలంకరణలో నుండి, ఊరి చప్పుడులో నుండి విశ్వాసి బయటకు రావడం అప్పుడు ప్రాణాల మీదికి తెచ్చుకున్న సాక్ష్యం. నేడు అదే విషయాన్ని రుచి, అరుచుల సంగతిగా మాట్లాడుతున్నాం.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదవ అధ్యాయం నుండి పదవ అధ్యాయం వరకు చేసిన వాదన ఇక్కడ ఉపయోగపడుతుంది. విగ్రహం ఏమీ కాదు అన్న జ్ఞానాన్ని ఆయన కొట్టివేయలేదు. అంగడిలో అమ్మేది అడగకుండా తినవచ్చునన్నాడు. కాని బలిపీఠంలో పాలుపంచుకోవడం మరో సంగతి అన్నాడు, బలహీనమైన మనస్సాక్షి గల సహోదరుని కోసం ఆగమన్నాడు. ఈ కొలతతో చూస్తే అమెరికాలో మనవడు చెక్కిన గుమ్మడికాయ అంగడి మాంసానికి దగ్గర. రక్షణ కోసం కట్టిన దిష్టి గుమ్మడికాయ బలిపీఠానికి దగ్గర. అయితే చేతబడి భయం నుండి నిన్నగాక మొన్న బయటపడ్డ కుటుంబపు పిల్లవాడికి బడిలో దయ్యపు వేషం వేయడం అంగడి సంగతి అనలేం. అతని సంగతి వేరుగా చూడాలి.

ఖాళీ వాకిట్లో ఏమి వచ్చింది

ఊరి జాతర నుండి తొలగిన వాకిళ్లు ఎక్కువ కాలం ఖాళీగా ఉండలేదు. తెలుగు క్రైస్తవ స్త్రీలు ముగ్గు మానలేదు. క్రిస్మసు తెల్లవారుజామున పేడనీళ్లు చల్లి, ముగ్గుపిండితో నక్షత్రం, సిలువ, పశువుల తొట్టి వేస్తారు. చుక్కల లెక్క పాతదే, బొమ్మ కొత్తది. గుమ్మానికి మామిడాకుల తోరణం, ముంగిట కొబ్బరాకుల పందిరి, మట్టల ఆదివారానికి ఈత మట్టలు, కొబ్బరి మట్టలు ఇవన్నీ డెల్టాలో చేయి చాపితే అందేవే.

ఇక ఇంటి మీద నక్షత్రం. జర్మనీలోని నీస్కీలో ఉన్న మొరేవియన్ల బడిలో 1830ల ప్రాంతంలో బాలురకు క్షేత్రగణితం నేర్పడానికి కాగితంతో కోణాల నక్షత్రం చేయించేవారు. హెర్న్‌హూట్ నక్షత్రంగా 1897 నుండి అది అమ్మకపు సరుకైంది. మన పేటల్లో యౌవనస్థులు చేసే నక్షత్రం అంత లెక్కలతో కూడినది కాదు. వెదురు బద్దలు సన్నగా చీల్చి అయిదు కోణాల చట్రాలు రెండు కడతారు. కోణాల దగ్గర దారంతో బిగించి, నడుమ చిన్న పుల్లలు నిలబెట్టి ఉబ్బెత్తు చేస్తారు. మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో రంగు కాగితం అంటిస్తారు. జిగురులో కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు, ఎలుక ముట్టవు. పిల్లలు ఆ జిగురు చేతులతో తినకుండా చూడాలి మరి. ఒక పక్క కాగితం అంటించకుండా వదిలితే లోపల బల్బు పెట్టవచ్చు. కరెంటు లేని రోజుల్లో లాంతరు పెట్టేవారు. కాగితం తగలబడకుండా పైన ఆవిరి పోయే కంత ఉంచడం అనుభవం నేర్పిన జాగ్రత్త. క్యారల్స్‌కు వెళ్లేటప్పుడు అదే నక్షత్రాన్ని గెడకు కట్టి ముందు నడుస్తారు. ఇప్పుడు బజారులో మడతపెట్టిన ప్లాస్టిక్ నక్షత్రం కొని తగిలిస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. మందిరం అరుగు మీద పదిమంది కుర్రాళ్లు వారం రోజులు కూర్చుని బద్దలు చీల్చిన సహవాసం మాత్రం ఆ ధరకు రాదు.

డోర్నకల్ దేవాలయాన్ని ఇక్కడ తలచుకోవాలి. 1912లో బిషప్పుగా అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్య కట్టించిన ఆ ఎపిఫనీ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. తామర పువ్వుతో సిలువను కలిపి చెక్కించడానికి ఆయన వెనుదీయలేదు. అది రాతి కట్టడం, చాలా ఏళ్ల పని, చాలా ఖర్చు. అదే ఆలోచనను ముగ్గుపిండితో ప్రతి సంవత్సరం పేటల్లోని స్త్రీలు ఎవరి అనుమతీ అడగకుండా చేస్తున్నారు. మన సంఘ చరిత్రల్లో డోర్నకల్‌కు పేజీలు ఉన్నాయి, ముగ్గుకు పేరా కూడా కష్టమే.

సమాధుల తోట

హాలోవీన్‌కు అన్నిటికన్న దగ్గరైన మన ఆచారం వాకిట్లో లేదు, సమాధుల తోటలో ఉంది. కతోలికులు నవంబరు 2న సమాధులను అలంకరిస్తారు. డెల్టాలోని ప్రొటెస్టెంటు కుటుంబాలు ఎక్కువగా పునరుత్థాన పండుగ నాడు ఈ పని చేస్తాయి. ముందు రోజులలో గడ్డి పీకి, మట్టి ఎగదోసి, సున్నం కొడతారు. సున్నంలో కాస్త నీలిమందు కలుపుతారు. ఇంకా చీకటి ఉండగానే బంతి పూల దండలు, చామంతులు, కొవ్వొత్తులు పట్టుకొని వెళ్తారు. కడియపులంక పూల మార్కెట్టు దగ్గరే ఉండడం ఈ ప్రాంతానికి కలిసొచ్చిన సంగతి. పాటలు, వాక్యం, ప్రార్థన, తెల్లవారేసరికి తోటంతా వెలుగు.

సున్నం మాట వస్తే మత్తయి 23వ అధ్యాయం గుర్తు రాక మానదు. సున్నం కొట్టిన సమాధులను వేషధారణకు పోలికగా ప్రభువు చెప్పాడు కాబట్టి సమాధికి సున్నం కొట్టడమే తప్పని వాదించేవారు ఉన్నారు. యూదుల మిష్నా ప్రకారం పస్కాకు నెల ముందు, అదారు నెల 15న సమాధులకు గుర్తులు పెట్టేవారు, ఆ గుర్తుకు సున్నం వాడేవారు. యాత్రికులు తెలియక తాకి అపవిత్రులు కాకూడదని అది ఒక హెచ్చరిక. దగ్గరకు రాకండి అని చెప్పే సున్నం అది. మన తోటల్లోని సున్నం దగ్గరకు రండి అని పిలిచేది. ఉపమానంలోని గద్దింపు శాస్త్రులకూ పరిసయ్యులకూ తగిలింది, సున్నపు కుంచెకు కాదు.

కొవ్వొత్తి వివాదం కూడా పాతదే. నాల్గవ శతాబ్దారంభంలో స్పెయినులో కూడిన ఎల్విరా సభ పగటివేళ సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించకూడదని తన 34వ నియమంలో తీర్మానించింది. పరిశుద్ధుల ఆత్మలకు కలత కలుగుతుందన్నది వారు చెప్పిన కారణం. 406లో జెరోము విజిలాంటియుసు మీద రాసిన గ్రంథంలో ఇదే తగాదా మళ్లీ వస్తుంది. మన వాళ్లు చీకటితో వెళ్తారు కాబట్టి ఎల్విరా పెద్దలకు కూడా దొరకరు! అసలు రెండవ శతాబ్దంలోనే పొలికార్పు హతసాక్షి అయినప్పుడు, ఏటేటా ఆ దినాన అతని సమాధి దగ్గర కూడుకోవాలని స్ముర్న సంఘం అనుకున్నది. ఆ దినాన్ని వారు అతని జన్మదినమని పిలిచారు.

కాపరులకు అన్నిటికన్న కష్టమైనది సమాధి మీద పెట్టే ఆహారం. తండ్రికి ఇష్టమైన ఫలహారం, తల్లి తాగే టీ, పెట్టేవారు ఉన్నారు. అగరువత్తులు గుచ్చేవారూ ఉన్నారు. అగస్తీను తన ఒప్పుకోళ్లు అనే గ్రంథం ఆరవ భాగంలో తల్లి మోనికా గురించి చెప్పిన సంగతి ఇక్కడ చదవదగినది. ఆఫ్రికాలో అలవాటైనట్లుగానే ఆమె మిలానులో పరిశుద్ధుల సమాధులకు జావ, రొట్టె, ద్రాక్షారసం తీసుకువెళ్లింది. ద్వారం దగ్గర ఆపేశారు. బిషప్పు అంబ్రోసు దాన్ని నిషేధించాడని, తాగుడుకు దారితీస్తుందని, అన్యుల పితృ పండుగను పోలి ఉందని ఆమెకు తెలిసింది. ఆమె కోపగించలేదు. ఆ బుట్టలోని దాన్ని బీదలకు ఇచ్చింది, ప్రార్థన మాత్రం తీసుకువెళ్లింది. అంబ్రోసు నిషేధించిన విధానం, మోనికా లోబడిన విధానం రెండూ గమనించాలి. ఆచారాన్ని తీసివేసి చేతులు ఖాళీగా పంపలేదు, బుట్టకు వేరే దారి చూపించారు. సమాధి దగ్గర తెచ్చిన పలహారాన్ని తోట గేటు దగ్గర కూర్చున్న బీదలకు పంచే అలవాటును కొందరు కాపరులు ప్రోత్సహించడం మేము చూశాం. వాక్యం విన్న పది నిమిషాల తరువాత అదే చేయించడం వల్ల తగాదా లేకుండా పోయింది.

లూథరు కూడా ఈ విషయం వదల్లేదు. 1527లో తెగులు గురించి రాసిన పత్రికలో సమాధుల తోట నెమ్మదిగా, భక్తితో నడిచే స్థలంగా ఉండాలన్నాడు. 1542లో భూస్థాపన కీర్తనలకు రాసిన ముందుమాటలో గోడల మీద లేఖన వచనాలు రాయడం మంచిదన్నాడు. డెల్టా సమాధుల తలవైపు పలక మీద నల్ల రంగుతో రాసే వచనం ఆ ముందుమాట చదవనివారు కూడా పాటిస్తున్నదే.

మొరేవియన్లు 1732లో హెర్న్‌హూట్‌లో ఈస్టరు తెల్లవారుజామున తమ సమాధుల తోటలో కూడుకోవడం మొదలుపెట్టారు. అమెరికాలోని సేలంలో 1772 నుండి అది జరుగుతున్నది, ముందు రోజు కుటుంబాలు సమాధులను శుభ్రం చేసి పూలు పెడతాయి. మన ఆచారంతో ఇంత పోలిక ఉన్నది మరొకటి లేదు. ఒక్క తేడా ఉంది. అక్కడ రాళ్లన్నీ ఒకే కొలత, నేలకు సమంగా పరిచినవి. ధనవంతుడికి పెద్ద రాయి లేదు. మన తోటల్లో గత రెండు మూడు దశాబ్దాలుగా గ్రానైటు, టైల్స్, పాలరాయి ఫోటోలు, ఇనుప చువ్వల చుట్టుగోడ వచ్చాయి. దాని పక్కన వ్యవసాయ కూలీ తల్లి మట్టి దిబ్బ. సున్నం, బంతి పూలు, కొవ్వొత్తి ఉన్నంతకాలం తెల్లవారుజామున రెండూ ఒకేలా కనబడేవి. పండుగ పేరుతో కొత్తగా అప్పు చేసి టైల్స్ వేయించినవాళ్లు మాకు తెలుసు. గుమ్మడికాయ కన్న ఈ అప్పే ఇప్పుడు మన సంఘాలకు దగ్గరి సమస్య.

స్థలం సంగతి కూడా ఇందులోనే ఉంది. డెల్టాలో క్రైస్తవులలో అధికులు దళితులు. వారి సమాధులకు స్థలం చాలాచోట్ల కాలువ గట్టు, చెరువు పక్క పోరంబోకు. హద్దు రాయి లేనిచోట ఆక్రమణ మెల్లగా వస్తుంది. ఏటా గడ్డి పీకి, సున్నం కొట్టి, దీపం పెట్టే స్థలాన్ని ఖాళీ స్థలమని ఎవరూ అనలేరు. హాలోవీన్ అలంకరణకు ఈ బరువు ఎప్పుడూ లేదు. తాసిల్దారు ముందు హద్దులు చూపించవలసి వచ్చినప్పుడు సున్నపు వరుసలే సాక్ష్యంగా నిలబడతాయి. కనుక కాపరులు ఆ పనిని ఒక్క పండుగ ఉత్సాహానికే వదలకుండా, సంఘ పుస్తకంలో ఏ సమాధి ఎవరిదో, ఏ సంవత్సరానిదో రాసిపెట్టడం అవసరం. బంధువులు వలసపోయి, చూసేవారు లేని దిబ్బలు ప్రతి తోటలోనూ ఉన్నాయి. ఒక బస్తా సున్నం, రెండు కుంచెలు ఉంటే యౌవనస్థుల కూటం ఒక శనివారం మధ్యాహ్నంలో వాటన్నిటినీ ముగించగలదు. కొవ్వొత్తులు మాత్రం లెక్కపెట్టుకొని కొనాలి, చివరి వరుసకు వచ్చేసరికి తరచుగా చాలవు.